మరుగున పడ్డ యూరప్ పగ సినిమాను వెతికి పట్టుకోవడం ఎలా?

చవగ్గా తీసి, హింసనీ శృంగారాన్నీ ఎరగా వేసి డబ్బు చేసుకుందామని 1970ల్లో యూరప్ నిర్మాతలు వదిలిన ఎక్స్‌ప్లాయిటేషన్ సినిమాలు కోకొల్లలు. చాలావాటిని మర్చిపోయినా నష్టం లేదు. మిగిలిన కొన్నింటి కోసం వెతికేటప్పుడు మాత్రం సినిమా దొరికిందా లేదా అన్నదానికన్నా, ఏ ప్రింట్ దొరికింది అన్నదే అసలు ప్రశ్న. స్వీడన్ సినిమా ‘థ్రిల్లర్ – ఎన్ గ్రిమ్ ఫిల్మ్’ను ఉదాహరణగా తీసుకుందాం. ఇది పెద్దవాళ్లకు మాత్రమే, హాల్లో అందరి మధ్య పెట్టుకునే బొమ్మ కాదు.

ముందు పేర్లన్నీ పోగేయండి. మన దగ్గర డబ్బింగ్ సినిమాలకు కొత్త పేర్లు తగిలించినట్టే, అక్కడా దేశం మారితే పేరు మారేది. ఈ సినిమా అమెరికాలో ‘దే కాల్ హర్ వన్ ఐ’గా ఆడింది, ‘హుకర్స్ రివెంజ్’ అనే పేరూ ఉంది. దర్శకుడి పేరు కూడా మారింది. తీసింది బో ఆర్నె విబేనియస్, తెర మీద పడింది అలెక్స్ ఫ్రిడొలిన్‌స్కీ. స్వీడన్ దర్శకుడు ఇంగ్మార్ బెర్గ్‌మన్ దగ్గర ‘పెర్సోనా’ సినిమాకి పనిచేసిన మనిషి ఈ విబేనియస్. 1969లో పిల్లల సినిమా తీసి చేతులు కాల్చుకున్నాక, డబ్బు రాబట్టాలనే ఈ దారి పట్టాడు. ఒక్క పేరుతో వెతికి ఊరుకుంటే సగం సమాచారం చేజారుతుంది.

తర్వాత నిడివి లెక్క. ఇక్కడ తొందరపడొద్దు. ఈ సినిమా 107 నిమిషాల నుంచి 82 నిమిషాల దాకా రకరకాల కోతల్లో తిరిగింది. పొడవైన ప్రింట్లో పచ్చి శృంగార షాట్లు అతికించి ఉంటాయి. వాటిలో ఉన్నది హీరోయిన్ క్రిస్టినా లిండ్‌బర్గ్ కాదు, వేరేవాళ్లు. అమెరికా ప్రింట్లో వాటిని తీసేశారు. నిడివి తక్కువైనంత మాత్రాన కత్తెర పడిందనుకోకండి. సెకనుకు 24 ఫ్రేముల ఫిల్మును యూరప్‌లో టీవీకి, వీడియోకి వాడిన పాల్ పద్ధతిలో 25 ఫ్రేముల వేగంతో నడిపేవారు. అందుకే 107 నిమిషాల సినిమా ఒక్క షాటూ పోకుండానే 103 నిమిషాల్లో ముగుస్తుంది. పాత సెన్సార్ పత్రాల్లో నిడివి మీటర్లలో ఉంటే 27.4తో భాగించండి. 35 ఎంఎం ఫిల్మ్ నిమిషానికి అంత పరుగెడుతుంది. 2,930 మీటర్లంటే 107 నిమిషాలన్నమాట. స్వీడన్ సినిమాలకైతే స్వీడిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ల సినిమా వివరాల డేటాబేస్ ‘స్వెన్స్క్ ఫిల్మ్‌డేటాబాస్’ ఆన్‌లైన్లో ఉచితంగానే దొరుకుతుంది.

పోస్టర్ మీది మాటలు నమ్మకండి. ‘స్వీడన్‌లో పూర్తిగా నిషేధించిన మొట్టమొదటి సినిమా’ అని దీన్ని ఊదరగొట్టారు. అది నిజం కాదు. విక్టర్ షోస్ట్రోమ్ తీసిన ‘ట్రాడ్‌గోర్డ్స్‌మాస్టరెన్’ను అక్కడి సెన్సార్ 1912లోనే ఆపేసింది. ఈ సినిమాలో కన్ను పొడిచే షాట్‌కి నిజం శవాన్ని వాడారన్న కథ కూడా చెబుతారు. అలాంటివి విన్నప్పుడు ఎవరు చెప్పారు, షూటింగ్‌లో ఉన్నవాళ్లేనా అని చూడండి. లేకపోతే వదంతిగానే రాసుకోండి.

ఇప్పుడు డిస్కు. 2003లో హాలీవుడ్ దర్శకుడు టరంటినో తీసిన ‘కిల్ బిల్’లో ఎల్ డ్రైవర్ అనే పాత్ర, ఈ సినిమా హీరోయిన్‌లాగే ఒక కంటికి కట్టుకున్న గంత మూలంగా ఈ సినిమా పేరు మళ్లీ వినబడింది. ఆ వెంటనే అమెరికాలో సినాప్స్ ఫిల్మ్స్ పొడవైనదీ పొట్టిదీ రెండు రకాల డీవీడీలు వేసింది. 2022లో వినెగర్ సిండ్రోమ్ అనే సంస్థ 4కె డిస్కు తెచ్చింది. మామూలు బ్లూరే డిస్కులకు ఏ ప్రాంతపు ప్లేయర్లో ఆడాలో చెప్పే రీజియన్ కోడ్ ఉంటుంది, అమెరికాది ఎ, మనది సి. అక్కడ కొన్నది ఇక్కడి ప్లేయర్లో ఆడకపోవచ్చు. 4కె యూహెచ్‌డీ డిస్కులకు ఆ బెడద లేదు. కానీ పొడవైన ప్రింట్ తెప్పించుకుంటే అశ్లీలం కింద కస్టమ్స్ ఆపేసే అవకాశం ఉంది. పొట్టి ప్రింటే నయం. నన్నడిగితే సినిమాగా కూడా అదే బాగుంటుంది. అతుకులు పోయాక కథ సాఫీగా నడుస్తుంది.

చూసేటప్పుడు హింసకన్నా ముందు సాగే భాగం గమనించండి. చిన్నప్పుడే జరిగిన అఘాయిత్యంతో మాట పడిపోయిన అమ్మాయిని ఒకడు మత్తుకు బానిసను చేసి వ్యభిచారంలోకి దింపుతాడు. ఎదురు తిరిగినందుకు ఆమె కన్ను తీస్తారు. ఆ పిల్ల డబ్బు కూడబెట్టి తుపాకీ కాల్చడం, కరాటే, కారు నడపడం ఒక్కొక్కటీ నేర్చుకుంటుంది. డైలాగు లేకుండా, ఓపిగ్గా, దాదాపు విసుగు పుట్టేలా సాగుతుంది ఆ భాగం. కంటి గంత రంగు వేసుకున్న బట్టలను బట్టి మారుతుంటుంది! తర్వాత కాల్పులు మొదలైతే అన్నీ విపరీతమైన స్లో మోషనే. నోట్లోంచి చిమ్మిన రక్తం గాల్లో తేలి, సాగి, కిందపడే దాకా కెమెరా కదలదు. ఫాస్ట్ ఫార్వర్డ్ కొట్టారో, సినిమా చూడనట్టే.

చివరగా, మీరు చూసిన ప్రింట్ పేరు, నిడివి, డిస్కు సంస్థ, ఏడాది రాసి పెట్టుకోండి. ఇంకొకరితో వాదన వస్తే ఇద్దరూ చూసింది ఒకటేనో కాదో ముందు అదే తేలుస్తుంది.