ప్రాసెసర్ మార్చే ముందు పది నిమిషాల పరీక్ష

గేమ్ ఆగి ఆగి నడుస్తుంటే అందరం ముందు ప్రాసెసర్‌నే అనుమానిస్తాం. నేనూ కొత్తది కొందామని డబ్బు పక్కన పెట్టుకున్నాక ఇలా చూశాను, ఆ ఖర్చు తప్పింది.

గేమ్ సెట్టింగ్స్‌లో వీ-సింక్, ఫ్రేమ్ లిమిట్ (ఫ్రేమ్‌ల వేగానికి పరిమితి పెట్టేవి) రెండూ ఆఫ్ చేయండి. ఎప్పుడూ తడబడే చోటికే వెళ్లి, 1080పీ రిజల్యూషన్‌లో (తెర మీది చుక్కల లెక్క) రెండు నిమిషాలు ఆడి ఎఫ్‌పీఎస్ (సెకనుకు తెర మీదికి వచ్చే ఫ్రేమ్‌లు, అంటే చిత్రాలు) రాసుకోండి. పీసీ గేమ్‌ల యాప్ స్టీమ్‌లో అయితే ఆ అంకె చూపించే ఆప్షన్ సెట్టింగ్స్‌లోనే ఉంటుంది. తర్వాత రిజల్యూషన్‌ను 720పీకి తగ్గించి, ఇంకేదీ కదపకుండా, అదే చోట మళ్లీ రెండు నిమిషాలు. రిజల్యూషన్ తగ్గిస్తే బొమ్మ గీసే గ్రాఫిక్స్ కార్డుకి పని తగ్గుతుంది, ప్రాసెసర్‌కి పెద్దగా తగ్గదు. అంకె బాగా పెరిగితే (నాకు 48 నుంచి 79కి వెళ్లింది) బరువంతా గ్రాఫిక్స్ కార్డు మీదే ఉన్నట్టు. ప్రాసెసర్ మార్చినా ఒరిగేదేమీ లేదు. నేను షాడోస్ ఒక మెట్టు తగ్గించి సరిపెట్టుకున్నాను. అంకె పెద్దగా కదలకపోతే మాత్రం ప్రాసెసర్ సంగతి చూడాల్సిందే.

అప్పుడు కూడా గిగాహెర్ట్జ్ (ప్రాసెసర్ క్లాక్ వేగం) చూసి కొనకండి. ఇంటెల్ పాత ప్రాసెసర్ పెంటియం 4, 2004లోనే 3.8 గిగాహెర్ట్జ్‌కి చేరింది. 2020లో వచ్చిన ప్లేస్టేషన్ 5 ప్రాసెసర్‌ది గరిష్ఠంగా 3.5. అయినా ఆ రెంటికీ పోలికెక్కడ, కొత్తదే ఎంతో వేగం! మీరు ఆడే గేమ్‌లోనే కొనబోయే ప్రాసెసర్ ఎన్ని ఎఫ్‌పీఎస్ ఇస్తుందో వెతికి చూసుకోండి.

ల్యాప్‌టాప్‌ను బ్యాటరీ మీద నడుపుతూ పరీక్షిస్తే, లేదా మెషీన్ వేడెక్కి స్లో అవుతుంటే ఈ లెక్క తప్పుతుంది. ఛార్జర్ పెట్టి, ఫ్యాన్‌లో దుమ్ము దులిపాకే చేయండి.