డిజైన్‌కి కావలసిన సరుకు చెన్నై వీధుల్లో ఎలా ఏరుకోవాలి?

క్లయింట్ బ్రీఫ్ (ఏం పని కావాలో రాసిచ్చే కాగితం) చేతికొచ్చాక బొమ్మల కోసం పింటరెస్ట్ సైటు తెరిస్తే అప్పటికే ఆలస్యమైనట్టు. బ్రీఫ్‌లోని మాటే కొట్టి వెతికే ప్రతి డిజైనర్‌కీ ఇంచుమించు అవే బొమ్మలు కనిపిస్తాయి. పని లేని రోజున కూడా కాస్త సరుకు, అంటే తర్వాత పనికొచ్చే నమూనాలు, పోగేసుకుంటూ ఉండాలి. రోజుకు అరగంట, ఒకే ఒక్క నమూనా చాలు: గోడమీది ప్రకటన, మందు పెట్టె, శుభలేఖ, బస్టాపు బోర్డు, ఏదైనా సరే. బాగుందనుకుని ముందుకు సాగిపోతే ఏమీ మిగలదు. కొలవాలి, విప్పాలి, మళ్లీ గీయాలి.

సంచీలో 15 సెంటీమీటర్ల స్టీలు స్కేలు, పది రెట్లు పెద్దదిగా చూపించే చిన్న భూతద్దం, ట్రేసింగ్ పేపరు, 2బి పెన్సిలు, ఒక నోటుబుక్కు ఉంచుకోండి. ఫోను ఎలాగూ ఉంటుంది.

1. ప్రశ్నతో బయల్దేరండి

ఇంట్లోంచి అడుగు బయటపెట్టేముందు నోటుబుక్కులో ఒక్క ప్రశ్న రాయండి. ‘ధర ఎక్కడ వేశారు?’, ‘ఖాళీ ఎంత వదిలారు?’, ‘రెండు భాషలుంటే ఏది ముందు?’ లాంటివి. ప్రశ్న లేకుండా తిరిగితే ఫోన్లో అరవై ఫొటోలు చేరతాయి, మళ్లీ ఒక్కటీ తెరవరు.

వారానికోసారి ‘ఈ ప్రకటన ఇక్కడే ఎందుకుంది?’ అని అడగండి. ప్రకటనలో చోటు కూడా భాగమే. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టినప్పుడు సంగీత కచేరీలకు వచ్చినవాళ్లకు ఉచితంగా పంచేవారని చెబుతారు. గంటల తరబడి కూర్చున్న జనం దగ్గరికే మందు వెళ్లిందన్నమాట. మైలాపూరులో ఆయన పేరిట ఉన్న పార్కు పక్కనుంచి వెళ్లినప్పుడల్లా ఈ ప్రశ్న గుర్తు చేసుకోవచ్చు.

2. ఫొటో మూడుసార్లు తీయండి

మొదటిది చుట్టుపక్కలతో సహా. రెండోది ఎదురుగా, నిటారుగా నిలబడి. ఫోను వంగితే పైభాగం సన్నబడి కొలతలన్నీ తప్పుతాయి. మూడోది దగ్గరగా, పక్కన స్కేలు పెట్టి. నిగనిగలాడే పెట్టెకి ఫ్లాష్ వాడకండి, నీడలోకి జరపండి. రంగు కోసం తీస్తుంటే ఫ్రేములో ఒక మూల తెల్లకాగితం ఉండాలి. ట్యూబులైటు కింద ఫోను తనంతట తాను రంగు సర్దేస్తుంది కాబట్టి, తర్వాత సరిచేసుకోవడానికి ఆ తెలుపే ఆధారం.

హోర్డింగ్ అయితే జనం నిజంగా చదివే చోటునుంచే చూడండి. మూడు సెకన్లు చూసి తల తిప్పేసి, గుర్తున్నది రాయండి. ఏ మాట మిగిలిందో దానికే డిజైనర్ పెద్దపీట వేశాడు. సైన్‌బోర్డుల వాళ్లు వాడే ఒక లెక్కుంది: పది అడుగుల దూరానికి అంగుళం ఎత్తు అక్షరం. వంద అడుగుల నుంచి చదవాలంటే పది అంగుళాలు. ఈ లెక్క ఇంగ్లీషు పెద్దక్షరాలకు పుట్టింది. తెలుగులో గుడి, వత్తు కలుపుకుని పది అంగుళాలైతే అసలు అక్షరానికి సగమే దక్కుతుంది. కొలిచేటప్పుడు అక్షరం ఒంటినే కొలవండి.

3. భూతద్దం కింద పెట్టండి

పేపరు ప్రకటనమీద భూతద్దం పెడితే నీలం, మెజెంటా, పసుపు, నలుపు చుక్కలు విడివిడిగా, కాస్త ముద్దగా కనిపిస్తాయి. న్యూస్‌ప్రింట్ ఇంకును పీల్చుకుని చుక్కను ఉబ్బిస్తుంది, అందుకే దానికి అంగుళానికి 85 నుంచి 100 గీతల (చుక్కల వరుసల) స్క్రీను వాడతారు. నున్నటి పూత ఉన్న ఆర్టు పేపరుమీద 150 నుంచి 175 దాకా వెళ్తారు. ఇప్పుడు ఏదైనా పెట్టెమీద బ్రాండు రంగును చూడండి. చుక్కలే లేకుండా నున్నగా ఉంటే అది స్పాట్ కలర్, ఆ రంగు ఇంకునే విడిగా కలిపి వేశారు. చుక్కలుంటే నాలుగు రంగుల్లోంచి పుట్టింది, అంటే ప్రతి ప్రింటులోనూ కొద్దిగా మారే ప్రమాదం ఉంది.

నాలుగు రంగుల నేలమీద తెల్లటి సన్నక్షరాలు ఉన్నచోట కాస్త ఆగి చూడండి. ఒక్కో రంగును అచ్చువేసే ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా తెలుపులోకి ఒక రంగు పాకుతుంది. తెలుగులో ముందు పూడిపోయేవి వత్తుల లోపలి కంతలే. 8 పాయింట్ల లోపు తెలుగును అలాంటి నేలమీద తెల్లగా వేయొద్దని ఎవరూ చెప్పక్కర్లేదు, ఒకసారి చూస్తే చాలు.

ఇదే పని కాగితానికీ చేయాలి. చెన్నై ప్యారీస్ కార్నర్ దగ్గర ఆండర్సన్ వీధిలో కాగితం, శుభలేఖల దుకాణాలు వరసగా ఉంటాయి. పాత శాంపిల్ కార్డు ఒకటి అడిగి రెండువైపులా మడిచి చూడండి. ఒకవైపు మడత నున్నగా వస్తుంది, రెండోవైపు అంచు పగిలి తెల్లటి నార బయటపడుతుంది. నున్నగా మడిగిన దిక్కే కాగితపు గ్రెయిన్, అంటే నార సాగే దిక్కు. 300 జీఎస్ఎం కార్డును గ్రెయిన్‌కి అడ్డంగా మడిచి, దానిమీద ముదురు రంగు పరిచారంటే క్రీజింగ్ (మడత కోసం ముందే నొక్కే గీత) వేసినా మడత దగ్గర పగుళ్లు తప్పడం కష్టం.

4. మళ్లీ గీయండి

నమూనామీద ట్రేసింగ్ పేపరు పెట్టి బొమ్మలు, అక్షరాలు వదిలేసి పెట్టెలుగా మాత్రమే గీయండి. పది నిమిషాల్లో ఐదు చిన్న స్కెచ్‌లు: మొత్తం చట్రం, ముదురు భాగాలు, కన్ను నడిచే దారి, ఖాళీ, అంచులు.

ధనుర్మాసంలో మైలాపూరు మాడవీధుల్లో ముగ్గులు చూస్తే గ్రిడ్ (గళ్ల చట్రం) పాఠం అక్కడే దొరుకుతుంది. ‘11 చుక్కలు, 6 వరకు, సందు చుక్క’ అనే ముగ్గునే తీసుకోండి. నడుమ వరుసలో 11, పైకీ కిందికీ ఒక్కొక్కటి తగ్గుతూ 6 దాకా, మొత్తం 91 చుక్కలు, ఆరు మూలల ఆకారం. పై వరుస చుక్కల సందుల్లో పెట్టే సందు చుక్కలతో గ్రిడ్ త్రిభుజాలుగా పడుతుంది, ఒకదాని కింద ఒకటి పెట్టే సరి చుక్కలతో చదరాలుగా పడుతుంది. ఈ ఒక్క తేడావల్లే మొదటిది పువ్వులకూ నక్షత్రాలకూ, రెండోది తీగలకూ మెలికలకూ అనువుగా ఉంటుంది. లోగో గ్రిడ్ వేసుకునేముందు ఇలా చుక్కలు పెట్టి చూడండి.

5. భాషలు మారినచోట ఆగండి

చెన్నైలో తెలుగు ప్రకటన తరచుగా ఇంగ్లీషు లేక తమిళ లేఅవుట్‌లోంచే పుడుతుంది. గోడమీద చూడగానే తెలిసిపోతుంది: పై వరుస వత్తులు కింది వరుస గుడులను తాకుతుంటాయి. తమిళంలో అక్షరం కింద వత్తు ఉండదు కాబట్టి అక్కడ వరుసలు దగ్గరగా పేర్చినా నష్టం లేదు. అదే పెట్టెలో తెలుగు పోస్తే ఇరుక్కుంటుంది. ఇలాంటి జంటలు దొరికినప్పుడల్లా పక్కపక్కన దాచండి, అంతకన్నా మంచి పాఠం లేదు.

మీరు చేసేటప్పుడు 12 పాయింట్ల తెలుగుకు 18 నుంచి 20 లీడింగ్‌తో (వరుసల మధ్య దూరం) మొదలుపెట్టండి. ట్రాకింగ్ (అక్షరాల మధ్య ఖాళీ) మైనస్‌లోకి వెళ్లనీయొద్దు. ఏ ఫాంటునైనా ‘రాష్ట్రంలో స్త్రీల వస్త్రాలు’ అని, దాని కింద ‘కీర్తి, నీతి, రీతి’ అని వేసి, పై వత్తులు కింది గుడులను తాకుతున్నాయేమో పరీక్షించండి. అడోబీ ఇల్లస్ట్రేటర్ సాఫ్ట్‌వేర్‌లో వత్తులు విడిపోతే తప్పు ఫాంటుది కాకపోవచ్చు. ప్రిఫరెన్సెస్‌లో టైప్ కింద ‘షో ఇండిక్ ఆప్షన్స్’ పెట్టి, పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో భారతీయ లిపులకు పనికొచ్చే కంపోజర్ (అక్షరాల్ని వరుసల్లో కూర్చే సెట్టింగు) ఎంచుకోండి. రెండు భాషలూ ఒకే గొంతుతో పలకాలంటే ఏక్ టైప్ వారి ‘అనేక్’ ఫాంట్ల కుటుంబం చూడండి. తెలుగు, తమిళం రెండూ ఉన్నాయి, గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం.

6. దాచేది నిర్ణయం పేరుతో

ఫోల్డర్లకు ‘నగలు’, ‘హోటళ్లు’ అని పేర్లు పెట్టొద్దు. నగల దుకాణం పని రాగానే నగల ఫోల్డరే తెరుస్తారు, ఊరంతా ఉన్న నగల ప్రకటనే మళ్లీ తయారవుతుంది. ‘ధర చిన్నది, ఖాళీ పెద్దది’, ‘అంచు దాటిన బొమ్మ’ అని పెట్టండి. ఆదివారం తిరగేసి, ఎందుకు దాచారో చెప్పలేనివి తీసేయండి.

7. వాడేటప్పుడు చోటు మార్చండి

రూపం ఎత్తుకుంటే కాపీ అవుతుంది, నిర్ణయం తీసుకుంటే మీ పని అవుతుంది. ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియంలో అమరావతి శిల్పాలున్నాయి. (శుక్రవారం సెలవు.) ఆ స్తూపం చుట్టూ ఉండిన ప్రాకారపు స్తంభాల్ని దగ్గరగా చూడండి: నడుమ పూర్తి పద్మం, పైనా కిందా అర పద్మం. అంచు దగ్గర సగంలో ఆగిన పువ్వును కన్ను తానే పూర్తి చేసుకుంటుంది, అందుకే రాయి అక్కడితో ముగిసినట్టుండదు.

పద్మాన్ని వదిలేసి ఆ సగాన్ని మాత్రం అట్టపెట్టెకు తెచ్చుకోండి. ముందు ముఖం కుడి అంచున సగం మోటిఫ్ (అలంకారపు బొమ్మ), ఎడమ అంచున సగం. షాపు అరలో పెట్టెలు పక్కపక్కన పెడితే ప్రతి రెండింటి మధ్యా ఒక పూర్తి మోటిఫ్ వస్తుంది. ఇక్కడ చెడేది కటింగే. డై (పెట్టెను కత్తిరించే అచ్చు) ఒకటి రెండు మిల్లీమీటర్లు జరగడం మామూలు, కాబట్టి అతుకు దగ్గర సన్నగీతలు పెట్టకండి, మందమైన ఆకారాలే ఉంచండి. చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (కత్తిరించే గీత దాటి సాగే రంగు) వదలండి. ప్రెస్‌కి పంపేముందు మామూలు కాగితంమీద నాలుగు ప్రింట్లు తీసి, కత్తిరించి, అతికించి, బల్లమీద వరసగా నిలబెట్టి పది అడుగులు వెనక్కి వెళ్లి చూడండి. అతుకు కనిపిస్తే మోటిఫ్‌ను ఇంకా లావు చేయండి.