ఇల్లు లేనివాళ్ల కోసం ప్రభుత్వ శాఖలన్నిటినీ కలిపి పని చేయించడం ఎలా

మీటింగ్ పెట్టడానికి ముందే ఒక పని చేయండి. ఒక తెల్ల కాగితం తీసుకుని, ఫుట్‌పాత్ మీద పడుకునే ఒక మనిషి తన సొంత తాళంచెవి ఉన్న గదిలోకి చేరాలంటే ఇప్పుడున్న పద్ధతిలో ఎన్ని కౌంటర్లు తిరగాలో, ఎన్ని ఫారాలు నింపాలో, ఎవరి సంతకం కోసం ఎన్నాళ్లు ఆగాలో వరసగా రాయండి. రూల్స్ పుస్తకం చూసి కాదు, ఆ దారిలో నిజంగా తిరిగినవాళ్లను, వాళ్ల వెంట నడిచిన కార్యకర్తలను అడిగి రాయండి. పుస్తకంలో 10 మెట్లు ఉన్నచోట బయట 40 కనిపిస్తాయి. అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో ఒకప్పుడు ఇల్లు లేని మాజీ సైనికుడు ఒకరు వీధిలోంచి ఇంట్లోకి వెళ్లడానికి 76 మెట్లు దాటాల్సి వచ్చేది, 720 రోజులు పట్టేది. శాఖలన్నీ ఒకచోట కూర్చుని ఆ మెట్లను ఒక్కొక్కటిగా తీసేసుకుంటూ వచ్చాక అది 32 రోజులకు దిగింది.

ఆ కాగితం ఎందుకంత ముఖ్యమంటే, దాన్ని గోడకు అంటించగానే ఒక విషయం అందరికీ ఒకేసారి కనిపిస్తుంది: ఏ శాఖా తప్పు చేసినట్టు ఉండదు. ఆసుపత్రి వైద్యం చేసింది, డిశ్చార్జి చేసింది, దాని ఫైలు క్లోజ్. జైలు శిక్షాకాలం పూర్తయ్యాక విడుదల చేసింది, దాని ఫైలూ క్లోజ్. గృహనిర్మాణ శాఖ చిరునామా రుజువు లేదని దరఖాస్తు తిప్పి పంపింది, రూల్ ప్రకారం అదీ సరైనదే. ఫైళ్లన్నీ సక్రమంగా ముగిశాయి, మనిషి మాత్రం రోడ్డు మీదే ఉన్నాడు. శాఖల మధ్య సమన్వయం అంటే ఒక ఫైలు ముగిసి ఇంకో ఫైలు మొదలయ్యేలోపు ఉండే ఆ ఖాళీకి ఒక బాధ్యుణ్ణి పెట్టడం. మిగతాదంతా దాని కోసమే.

పేర్లతో ఒకే జాబితా

అన్నిటికంటే ఎక్కువ ఓపిక ఇక్కడే పెట్టాలి. చాలాచోట్ల ఉండేది సంఖ్య మాత్రమే, అదీ ఏడాదికోసారి ఒక రాత్రి తిరిగి లెక్కపెట్టింది. ఆ లెక్క బడ్జెట్ అడగడానికి పనికొస్తుంది గానీ, ఫలానా మనిషికి రేపు ఏం చేయాలో చెప్పదు. పైగా రాత్రిపూట కంటికి కనిపించేవాళ్లే అందులోకి వస్తారు. ఒంటరి ఆడవాళ్లు భయంతో ఎవరికీ కనిపించని చోట తలదాచుకుంటారు, లేదా పరిచయస్తుల ఇళ్లలో రోజుకొక చోట ఉంటారు, వాళ్లు ఏ లెక్కలోనూ ఉండరు.

కావలసింది పేర్ల జాబితా. షెల్టర్లు, ఆసుపత్రి అత్యవసర విభాగం, పోలీస్ స్టేషన్లు, స్వచ్ఛంద సంస్థలు, వీధుల్లో తిరిగే బృందాలు అందరి దగ్గరా ఉన్న సమాచారం ఒక్కచోటికి రావాలి. ప్రతి మనిషికీ పేరు, ఎక్కడ దొరుకుతారు, ఆరోగ్యం ఎలా ఉంది, ఏ కాగితాలు ఉన్నాయి, ఏవి లేవు, వాళ్లకు ఏం కావాలి, ప్రస్తుతం ఎవరు చూస్తున్నారు అన్నవి ఉంటే చాలు. అంతకుమించి అడగకండి, ఫారం పెద్దదయ్యేకొద్దీ మనుషులు దూరంగా జరుగుతారు. చెప్పిన కథే ప్రతి కౌంటర్ దగ్గరా మళ్లీ చెప్పించడం వాళ్లను అవమానించడమే, ఒకే జాబితా ఉంటే ఆ బాధ తప్పుతుంది. అమెరికాలో బిల్ట్ ఫర్ జీరో అనే ఉద్యమంలో చేరిన నగరాలన్నీ ఇలాంటి జాబితాతోనే పని నడుపుతాయి. ఇల్లినాయ్‌లోని రాక్‌ఫోర్డ్ అనే మధ్యస్థాయి పట్టణం అలాగే ముందు మాజీ సైనికుల్లో, తర్వాత దీర్ఘకాలంగా వీధుల్లో ఉన్నవాళ్లలో నిరాశ్రయతను దాదాపు సున్నాకు తెచ్చింది.

ఇక్కడ తప్పకుండా ఒక గొడవ వస్తుంది. "మా డేటా బయటికి ఇవ్వలేం" అని ఆసుపత్రివాళ్లు అంటారు, అందులో న్యాయం ఉంది. దాన్ని ఫోన్లో బతిమాలి దాటేయకండి. ఎవరు ఏ సమాచారం చూడొచ్చు, ఎందుకు చూడొచ్చు, ఎన్నాళ్లు ఉంచొచ్చు అన్నది శాఖల మధ్య రాతపూర్వక ఒప్పందంగా రావాలి, న్యాయ విభాగాన్ని మొదటి వారంలోనే కూర్చోబెట్టాలి, ప్రతి మనిషి దగ్గరా అర్థమయ్యే భాషలో అనుమతి తీసుకోవాలి. జబ్బు వివరాలు అందరికీ అక్కర్లేదు, "వైద్య సహాయం అవసరం" అన్న ఒక్క గడి చాలు. ఈ జాబితా మనుషుల్ని వెతికి ఖాళీ చేయించడానికి వాడరని ఒప్పందంలోనే రాయండి, ఆ వాక్యం లేకపోతే ఎవరూ తమ పేరు ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా.

ఎవరు నడపాలి

ఒక శాఖకు అప్పగిస్తే మిగతావన్నీ "అది వాళ్ల స్కీమ్" అనుకుంటాయి. కాబట్టి బాధ్యత శాఖల పైన ఉండే కార్యాలయానికి ఇవ్వాలి, మేయర్ ఆఫీసో, జిల్లా పాలనాధికారి ఆఫీసో, ప్రభుత్వ ముఖ్య కార్యదర్శి స్థాయో, మీ దగ్గర ఏది చెల్లుబాటైతే అది. అక్కడ ఈ పని మాత్రమే చేసే ఒక నోడల్ అధికారి, ఆయనకో ఆమెకో చిన్న బృందం ఉండాలి. ఉన్న పది పనులకు ఇది పదకొండోదిగా తగిలిస్తే ఆరు నెలల్లో ఆగిపోతుంది.

తర్వాత రెండు రకాల సమావేశాలు, వీటిని కలపకండి. మొదటిది శాఖాధిపతులది, మూడు నెలలకోసారి చాలు, రూల్ మార్చడం, డబ్బు కేటాయించడం అక్కడ జరగాలి. రెండోది వారం వారం జరిగేది, దాని అజెండా పేర్ల జాబితానే. ఈ వారం పదిమంది, ఒక్కొక్కరి దగ్గర ఆగి, ఏం అడ్డుపడింది, ఎవరు తీస్తారు, ఏ తేదీకి. దీనికి వచ్చేవాళ్లు అక్కడికక్కడ సరే అనగలిగే స్థాయిలో ఉండాలి. "సార్‌ని అడిగి చెప్తాను" అనే ప్రతినిధిని పంపితే నోడల్ అధికారి ఆ రోజే ఆ శాఖాధిపతికి ఫోన్ చేయాలి, మొహమాటపడితే రెండో నెలకు అందరూ అలాంటివాళ్లనే పంపుతారు. మినిట్స్ పొడుగ్గా అక్కర్లేదు: పేరు, పని, బాధ్యుడు, తేదీ. ఒకే అడ్డంకి మూడు పేర్ల దగ్గర ఎదురైతే అది వ్యక్తి సమస్య కాదు, రూల్ సమస్య, దాన్ని పై సమావేశానికి పంపండి. రెండు సమావేశాలకూ ఉన్న సంబంధం ఇదే.

డబ్బును జత కట్టడం

గృహ శాఖ దగ్గర ఇల్లుంటుంది గానీ తోడుండే మనిషి ఉండడు. ఆరోగ్య శాఖ దగ్గర కౌన్సెలర్ ఉంటాడు గానీ ఇల్లుండదు. విడివిడిగా ఇస్తే రెండూ వృథా. అమెరికాలో మాజీ సైనికుల కోసం దీన్ని నేరుగా కట్టేశారు: అద్దె వోచర్ గృహ శాఖ ఇస్తుంది, అదే మనిషికి తోడుండి సాయం చేసే కేస్ వర్కర్‌ను మాజీ సైనికుల శాఖ ఇస్తుంది, ఒకటి లేకుండా ఇంకొకటి రాదు. 2010తో పోలిస్తే అక్కడ ఇల్లు లేని మాజీ సైనికుల సంఖ్య సగానికి పైగా తగ్గింది, మిగతా జనాభాలో అలా జరగలేదు. మీ దగ్గర కొత్త నిధులు రాకపోయినా, ఉన్న రెండు పద్దులు ఒకే మనిషి దగ్గర కలిసేలా ఉమ్మడి ఉత్తర్వు తెప్పించడం సాధ్యమే.

ఏ క్రమంలో ఇవ్వాలన్నదాని మీద కూడా శాఖలు ఒక మాట మీదకు రావాలి. ముందు తాగుడు మానాలి, ముందు మందులు వాడాలి, ముందు ఉద్యోగం చూసుకోవాలి, అప్పుడు ఇల్లు అనే పాత పద్ధతిని ఫిన్లాండ్ 2008లో జాతీయ కార్యక్రమంతో తలకిందులు చేసింది: ముందు ఇల్లు, తర్వాత అదే ఇంట్లో మిగతా సాయం. పెద్ద పెద్ద షెల్టర్లను విడి ఫ్లాట్లుగా మార్చారు, కేంద్ర ప్రభుత్వమూ నగరాలూ లిఖితపూర్వకంగా లక్ష్యాలు పంచుకున్నాయి. కెనడా 2009 నుంచి 2013 వరకు ఐదు నగరాల్లో 2,000 మందికి పైగా మనుషులతో ఇదే విధానాన్ని పరీక్షిస్తే, మామూలు సేవలు అందుకున్నవాళ్ల కంటే ముందు ఇల్లు పొందినవాళ్లే స్థిరంగా నిలబడ్డారు. ఒక శాఖ ఈ పద్ధతిలో, ఇంకో శాఖ పాత పద్ధతిలో నడిస్తే నలిగిపోయేది ఆ మనిషే, అందుకే ఇది పై సమావేశంలో మొదటి రోజే తేల్చాల్సిన విషయం.

కొత్తగా రోడ్డున పడకుండా

ఎంతమందికి ఇళ్లిచ్చినా, ఆసుపత్రులు, జైళ్లు, 18 ఏళ్లు నిండిన పిల్లల్ని బయటికి పంపే సంరక్షణ గృహాలు కొత్తవాళ్లను వీధికి పంపుతూనే ఉంటే అది చిల్లుకుండలో నీళ్లు పోయడమే. ఇంగ్లండ్‌లో 2017 చట్టం కింద 2018 అక్టోబర్ నుంచి జైళ్లు, ఆసుపత్రులు, ఉపాధి కార్యాలయాల వంటి సంస్థలకు ఒక బాధ్యత వచ్చింది: తమ దగ్గరున్న మనిషి ఇల్లు కోల్పోయాడనో కోల్పోబోతున్నాడనో అనిపిస్తే, అతని అనుమతితో స్థానిక గృహ విభాగానికి తెలియజేయాలి. 56 రోజుల్లో ఇల్లు పోయే ప్రమాదం ఉన్నా చట్టం వర్తిస్తుంది. మీ దగ్గర చట్టం లేకపోతే సర్క్యులర్‌తో మొదలుపెట్టండి. ఆసుపత్రిలో చేర్చుకున్న రోజే "డిశ్చార్జి అయ్యాక ఎక్కడికి వెళ్తారు" అని అడగాలి, జవాబు లేకపోతే ఆ రోజే నోడల్ బృందానికి కబురు వెళ్లాలి. డిశ్చార్జి రోజు సాయంత్రం ఫోన్ చేస్తే ఎవరూ ఏమీ చేయలేరు.

పోలీసులూ పారిశుద్ధ్య విభాగమూ ఈ బల్ల దగ్గర లేకపోతే మీ పని సగం రాత్రికి రాత్రే పోతుంది. గుడారాలు పీకేసినప్పుడు చెత్తలో కలిసిపోయేది గోనె సంచులు మాత్రమే కాదు, నెలల తరబడి తిరిగి సంపాదించిన గుర్తింపు కార్డు, మందులు, కేస్ వర్కర్ ఫోన్ నంబర్ రాసుకున్న కాగితం. ఆ మనిషి ఎక్కడికి వెళ్లాడో తెలియదు, జాబితాలో అతని పేరు పక్కన "ఆచూకీ లేదు" అని రాయాల్సి వస్తుంది, అప్పటికి అతనికి ఇల్లు మంజూరై ఉన్నా సరే. కాబట్టి ఒక చోటును ఖాళీ చేయించే ఆలోచన ఉంటే ముందుగా బృందానికి చెప్పాలి, ప్రతి ఒక్కరికీ వెళ్లడానికి ఒక చోటు చూపించాకే కదిలించాలి, సామాన్లు భద్రపరచాలి. ఈ ఒక్క ఒప్పందం కోసం ఎంత పట్టుబట్టినా తప్పులేదు.

వారపు సమావేశంలో, వీధి జీవితం గడిపి బయటపడినవాళ్లు కనీసం ఇద్దరు ఉండాలి, వాళ్ల సమయానికి గౌరవ వేతనంతో. ఏ కౌంటర్ దగ్గర మనుషులు వెనక్కి తిరిగిపోతున్నారో వాళ్లకు తెలిసినంత మనకు తెలియదు.

ఏం కొలవాలి

ఎన్ని సమావేశాలు జరిగాయి, ఎన్ని దుప్పట్లు పంచారు అన్నవి వద్దు. నెలకు నాలుగు అంకెలు చాలు: కొత్తగా ఎంతమంది జాబితాలోకి వచ్చారు, ఎంతమంది ఇళ్లలోకి వెళ్లారు, వెళ్లినవాళ్లలో ఎంతమంది తిరిగి రోడ్డున పడ్డారు, పేరు ఎక్కిన రోజు నుంచి తాళంచెవి చేతికొచ్చే దాకా ఎన్ని రోజులు పట్టింది. ఇళ్లలోకి వెళ్లేవాళ్ల కంటే కొత్తగా వచ్చేవాళ్లు ఎక్కువైతే మీ బృందం ఎంత కష్టపడినా మొత్తం పెరుగుతుంది, కారణం వేరే శాఖలో ఉంటుంది. ఏళ్ల తరబడి తగ్గించుకుంటూ వచ్చిన ఫిన్లాండ్‌లో కూడా 2024 లెక్కల్లో నిరాశ్రయుల సంఖ్య మళ్లీ పెరిగింది, గృహ భత్యాల్లో కోతలు పడిన కాలం అది. అందుకే ఆర్థిక శాఖను ఈ అంకెలకు దూరంగా ఉంచకండి, సాయం కోసే ప్రతిపాదన వచ్చిన రోజు వాళ్ల ముందు ఈ నాలుగూ ఉండాలి.

చివరగా బదిలీల సంగతి. ఇదంతా చాలాచోట్ల ఒక మంచి అధికారి మీద నడుస్తుంది, ఆయన వెళ్లగానే కుర్చీలు ఖాళీ అవుతాయి. కాబట్టి సమావేశం జరిగే రోజు, సభ్యులు హోదాల పేరుతో, డేటా ఒప్పందం, ఉమ్మడి పద్దు అన్నీ వ్యక్తి పేరు మీద కాకుండా ప్రభుత్వ ఉత్తర్వుగా ఉండాలి. కొత్త అధికారి చేరిన మొదటి వారంలోనే వారపు సమావేశానికి తీసుకొచ్చి కూర్చోబెట్టండి, ప్రజెంటేషన్ చూపించకండి, జాబితాలోని పేర్లు ఒక్కొక్కటిగా చదవండి, ఆయన శాఖ దగ్గర ఆగిపోయిన వాటితో మొదలుపెట్టి.