సెకండ్ హ్యాండ్ సిస్టమ్ వేడెక్కుతోందా? కొత్త కూలర్ కొనే ముందు ఇది చదవండి

పోయినేడు మా చెల్లెలి చదువు కోసం ఒక పాత అసెంబుల్డ్ సిస్టమ్ కొన్నాం. ఐ5-4570 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, ప్రాసెసర్‌తో పాటు వచ్చే మామూలు ఇంటెల్ ఫ్యాన్, అదే దాని కూలర్. షాపులో పది నిమిషాలు చక్కగా నడిచింది. ఇంటికొచ్చాక నాలుగు ట్యాబ్‌లు తెరిస్తే చాలు, ఫ్యాన్ రొద మొదలయ్యేది, కాసేపటికి మౌస్ కూడా ఈడ్చుకుంటూ కదిలేది. ఒకరోజు ప్రాజెక్ట్ రిపోర్ట్ సేవ్ చేయకముందే టక్కున ఆగిపోయింది, పిల్ల రాత్రంతా కూర్చుని మళ్లీ టైప్ చేసింది. షాపుకి ఫోన్ చేస్తే పాత కూలర్ పనికిరాదు, కొత్తది వేయించుకోండి అన్నారు. వేయించలేదు. మూత తీసి చూసుకున్నాం, చివరికి అయిన ఖర్చల్లా ఒక థర్మల్ పేస్ట్ ట్యూబ్, అంటే ప్రాసెసర్ వేడి కూలర్‌లోకి ఎక్కేలా మధ్యలో పూసేది. డబ్బులు చూసుకునే పాత సిస్టమ్ కొనేది, అలాంటివాళ్లు దానికి మళ్లీ కూలర్ పేరుతో పోసే పని లేకుండా చేయాలనే ఇదంతా రాస్తున్నాను.

ముందు వేడి కొలవండి. ప్రాసెసర్ వేడి ఎంతుందో చూపించే కోర్ టెంప్ గానీ హెచ్‌డబ్ల్యూఇన్ఫో గానీ దించుకోండి, రెండూ ఉచితమే. టాస్క్ మేనేజర్ కూడా తెరిచి పెట్టుకోండి, ఎందుకంటే మనం ఏ పనీ చేయకపోయినా అక్కడ సీపీయూ, అంటే ప్రాసెసర్ వాడకం, 90, 100 శాతం చూపిస్తుంటే తప్పు కూలర్‌ది కాదు, లోపల ఏదో ప్రోగ్రామ్ నడుస్తోంది. పాత విండోస్‌తోనే అమ్మిన సిస్టమ్ అయితే దాన్ని తుడిచేసి కొత్తగా ఇన్‌స్టాల్ చేసుకోవడమే మేలు.

సీపీయూ వాడకం తక్కువగానే ఉన్నా వేడి 60 డిగ్రీలు దాటుతోందంటే అప్పుడు అసలు సంగతిలోకి వెళ్లాలి. ఏదైనా బరువైన పని పెట్టి అంకె ఎలా పెరుగుతోందో చూడండి. రెండు మూడు సెకన్లలోనే 50 నుంచి 95కి ఎగిరిందంటే ప్రాసెసర్‌కీ హీట్‌సింక్‌కీ (ఫ్యాన్ కింద, ప్రాసెసర్ మీద కూర్చుని వేడి లాగే అల్యూమినియం దిమ్మ) మధ్య అతుకు సరిగా లేనట్టు. పది పదిహేను నిమిషాల మీద మెల్లగా ఎక్కితే దుమ్ము గానీ, గాలి ఆడకపోవడం గానీ. ఈ 4570 వంద డిగ్రీల దగ్గరకి వచ్చిందంటే తన వేగం తానే తగ్గించుకుంటుంది, మౌస్ ఈడ్చుకుంటూ కదిలేది అందుకే. అప్పటికీ వేడి ఆగకపోతే తనను కాపాడుకోవడానికి మొత్తం సిస్టమ్‌నే ఆపేస్తుంది.

మాది మొదటి రకం. స్క్రీన్ మీద 97 చూపిస్తుంటే క్యాబినెట్ పక్క తలుపు తీసి, తిరిగే రెక్కలకి తగలకుండా హీట్‌సింక్ అంచు మీద వేలు పెట్టాను. గోరువెచ్చగా ఉంది, అంతే. ప్రాసెసర్ కాలిపోతుంటే దాని మీద కూర్చున్న అల్యూమినియం చల్లగా ఉందంటే వేడి పైకి ఎక్కడం లేదని అర్థం. ఇక ఎంత పెద్ద ఫ్యాన్ పెట్టినా లాభం లేదు.

ఇప్పుడు పని. ప్లగ్ పీకేయండి, పవర్ బటన్ ఓసారి నొక్కి వదలండి, చేత్తో ఇనుప క్యాబినెట్‌ని ముట్టుకోండి, ఒంట్లో స్టాటిక్ ఏమైనా ఉంటే పోతుంది. దుమ్ము దులపడం బయట, వరండాలో పెట్టుకోండి. మెత్తటి పెయింటింగ్ బ్రష్, చేతి బ్లోయర్ చాలు. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కల్ని వేలితో పట్టుకోండి, గాలికి గిర్రున తిరగనిస్తే బేరింగ్ పాడవుతుంది. రోజూ సాంబ్రాణి వేసే గదిలో గానీ వంటింటి పక్కన గానీ ఉన్న సిస్టమ్ అయితే దుమ్ము జిడ్డుగా అట్టకట్టి ఉంటుంది, అది గాలికి పోదు, ఫ్యాన్‌ని హీట్‌సింక్ నుంచి విడదీసి బ్రష్‌తో గీకాల్సిందే. దుమ్ము రకం వేడి చాలావరకు ఇక్కడితోనే తగ్గిపోతుంది.

తగ్గకపోతే హీట్‌సింక్ తీయండి. ఇంటెల్ ఫ్యాన్‌కి నాలుగు మూలలా నాలుగు ప్లాస్టిక్ పిన్నులుంటాయి, ఒక్కో దాని తల మీద చిన్న బాణం గుర్తు ఉంటుంది. బాణం చూపించే వైపు పావు చుట్టు తిప్పి పైకి లాగితే ఊడొస్తుంది. ఇంటెల్ కాకుండా ఏఎండీ ప్రాసెసర్, ఏఎం4 రకం సాకెట్ ఉన్న సిస్టమ్ అయితే ఒక జాగ్రత్త: సిస్టమ్‌ని పది నిమిషాలు నడిపి, ఆపి, ఆ వెచ్చదనం మీదే హీట్‌సింక్‌ని అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ వదులు చేయండి. నేరుగా పైకి లాగితే పాత పేస్ట్‌కి అతుక్కుని ప్రాసెసర్ కూడా సాకెట్‌లోంచి లేచొస్తుంది, దాని కింద ఉండే సన్నటి పిన్నులు వంగాయంటే అదో పెద్ద తలనొప్పి.

మా దాంట్లో పేస్ట్ ఎండి సున్నంలా పొడి రాలింది. కళ్లద్దాలు తుడిచే గుడ్డకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది ప్రాసెసర్ పైభాగం, హీట్‌సింక్ అడుగు రెండూ మెరిసేదాకా తుడవండి. మొబైల్ రిపేర్ సామాన్లు అమ్మేచోట 99 శాతంది దొరికితే మంచిది, మెడికల్ షాపులో దొరికే 70 శాతంది అయితే బాగా ఆరనివ్వండి. కొత్త పేస్ట్ ప్రాసెసర్ నడిమధ్యలో కందిగింజంత పెడితే చాలు, హీట్‌సింక్ ఒత్తిడికి అదే పరుచుకుంటుంది. ఎక్కువ పూస్తే ఎక్కువ చల్లబడదు, అది సందులు నింపడానికే. ఆర్కిటిక్ ఎంఎక్స్-4 లాంటిది హైదరాబాద్‌ వాళ్లకి సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో దొరుకుతుంది, మిగతావాళ్లు ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు.

అసలు తప్పు మాత్రం మాకు పిన్నుల్లో దొరికింది. నాలుగింటిలో రెండు సగమే దిగి ఉన్నాయి, హీట్‌సింక్ ఒక పక్కకి లేచి ఉంది. చాలామంది దాన్ని స్క్రూ అనుకుని, నొక్కాక బాణం వైపు తిప్పుతారు, అలా తిప్పితే లాక్ ఊడిపోతుంది. పెట్టే ముందే నాలుగు తలల్నీ బాణానికి ఎదురువైపు ఆగేదాకా తిప్పేయండి. కాళ్లు రంధ్రాల్లో నిటారుగా దిగాయో లేదో చూసి, ఒక మూల, దానికి ఎదురు మూల, తర్వాత మిగిలిన రెండూ, టక్‌మని వినిపించేదాకా నొక్కండి. బోర్డు కొంచెం వంగుతుంది, భయపడకండి. వీలైతే బోర్డుని బయటికి తీసే ఈ పని చేయండి, అప్పుడు వెనక నుంచి నాలుగు కాళ్లూ పూర్తిగా బయటికొచ్చి విచ్చుకున్నాయో లేదో కంటితో చూడొచ్చు. కాలు విరిగి ఉంటే ఆ పిన్నులు విడిగా కూడా దొరుకుతాయి. చివర్లో ఫ్యాన్ వైరు సీపీయూ ఫ్యాన్ అని రాసి ఉన్న చోటే గుచ్చండి.

మా సిస్టమ్ ఖాళీగా ఉన్నప్పుడు 63 నుంచి 41కి దిగింది, వీడియో ఎడిటింగ్ పెట్టినా 70 దాటలేదు. ఇది జనవరి మాట. మే నెలలో గదిలోనే 37, 38 ఉన్నప్పుడు ఆ లెక్కన అంకె పెరగడం మామూలే, గది వేడి కంటే కిందికి ఏ ఫ్యాన్ కూడా దించలేదు. ఎండాకాలం సిస్టమ్‌ని కంప్యూటర్ టేబుల్ అరలోంచి బయటికి తీసి, వెనక జానెడు ఖాళీ వదలండి. అప్పటికీ ఎక్కువనిపిస్తే విండోస్ పవర్ ఆప్షన్స్‌లో మ్యాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్‌ని 99 చేయండి. టర్బో, అంటే పని ఎక్కువైనప్పుడు ప్రాసెసర్ తన వేగం పెంచుకోవడం, ఆగి, ఈ 4570 అయితే 3.2 గిగాహెర్ట్జ్ దాటదు, టైపింగ్‌కీ క్లాసులకీ ఆ తేడా తెలియదు. వానలు పడ్డాక మళ్లీ 100 చేసేయండి.