గుమ్మడి వడియాలు గుల్లగా రావాలంటే ఎలా పెట్టాలి?

ఈ వేసవిలో ఇప్పటికే ముగ్గురు ఫోన్ చేశారు. ఒకరి వడియాలు వేయించాక కూడా రాళ్ళలా ఉన్నాయి. ఒకరివి అప్పడాల్లా పరుచుకుపోయాయి. ఇంకొకరివి రెండో రోజుకే వాసన పట్టాయి. పప్పు రుబ్బేటప్పుడు నీళ్ళు పోశావా అని ముగ్గురినీ ఒకే మాట అడిగాను. ముగ్గురూ "కొంచెమే పిన్నీ, మిక్సీ తిరగకపోతేను" అన్నారు. ఆ కొంచెం నీళ్ళే పాడు చేశాయి. అందుకే ఈసారి మొత్తం రాసి పెడుతున్నాను.

కావలసినవి పెద్దగా ఏమీ లేవు. మూడు కిలోల బూడిద గుమ్మడికాయ ఒకటి, అరకిలో పొట్టు మినప్పప్పు, నూట యాభై గ్రాముల పచ్చిమిరపకాయలు, రెండు చెంచాల జీలకర్ర, ఇంగువ, పసుపు, ఉప్పు. ఒక పాత నూలు పంచె. ప్లాస్టిక్ షీటు వద్దు. దాని మీద పెడితే అడుగు చెమర్చి ముక్కిపోతుంది. పంచె తడిని పీలుస్తుంది, అడుగునుంచి గాలి కూడా తగులుతుంది.

కాయ బాగా ముదరాలి. గోరు గుచ్చితే దిగకూడదు, ఒంటి నిండా తెల్లగా బూడిద ఉండాలి. మా పెరట్లో తొలకరికి గింజ పెట్టి తీగను పశువుల పాక మీదికి ఎక్కిస్తాం. సంక్రాంతి దగ్గర్లో బెత్తెడు కాడ ఉంచి కోసి, వంటింటి మూల ఉట్టిలో పెడితే వేసవి దాకా చెక్కు చెదరదు. ఆ బూడిద మైనం లాంటి పూత, లోపలి నీరు ఆవిరైపోకుండా కాస్తుంది. అందుకని కోసే రోజు దాకా దాన్ని తుడవకండి. పెరడు లేనివాళ్ళు బజారులో కొనుక్కోవచ్చు గానీ ముక్కలుగా కోసి అమ్మేది మాత్రం తీసుకోవద్దు.

ముందురోజు సాయంత్రం కాయ కడిగి కోయాలి. మా ఇంట్లో మొదటి దెబ్బ మగవాళ్ళు వేస్తారు, ఆ తరువాత కత్తిపీట మాది. మధ్యలోని మెత్తటి గుజ్జు, గింజలు తీసేయండి. గింజల్ని కడిగి నీడలో ఆరబెట్టి దాచుకుంటే వచ్చే తొలకరికి పనికొస్తాయి. తొక్క తీయకూడదు. తొక్కతోనే చిక్కుడు గింజంత ముక్కలు తరగాలి. తురిమితే పని తొందరగా అవుతుందని చాలామంది తురుముతున్నారు. తురుము పిండిలో కలిసిపోతుంది, ఇక తినేది పిండి వడియమే. ముక్క పంటికి తగిలితేనే అది గుమ్మడి వడియం. ముక్కలకు మూడు చెంచాల ఉప్పు, చెంచా పసుపు పట్టించి, పలచటి గుడ్డలో మూట కట్టి, చిల్లుల గిన్నెలో పెట్టి, పైన సన్నికల్లు పెట్టి రాత్రంతా వదిలేయండి. కింద ఒక గిన్నె పెట్టండి, ఊరిన నీళ్ళు అందులో పడతాయి. గుమ్మడికాయలో నూటికి తొంభై అయిదు పాళ్ళకు పైగా నీరే, కాబట్టి గిన్నె నిండితే ఆశ్చర్యపోవద్దు. ఆ నీళ్ళు పారబోయకండి.

పప్పును తెల్లవారుజామున మూడింటికి లేచి నానబోయాలని మా అమ్మమ్మ పట్టుబట్టేది. అంత అక్కర్లేదు, రాత్రి పడుకోబోయే ముందు పోస్తే చాలు. సాయంత్రమే నానబోస్తే మాత్రం ఈ వేడికి పొద్దున్నకల్లా పులుపు తిరుగుతుంది.

ఇక అసలు సంగతి. ఇక్కడ తొందరపడితే మిగతా కష్టమంతా వృథా.

నానిన పప్పును కడిగి పొట్టు సగం తీయండి, సగం ఉంచండి. కడిగాక వెంటనే రుబ్బకూడదు. చిల్లుల గిన్నెలో వేసి కనీసం అరగంట నీళ్ళు ఓడనివ్వండి. చేత్తో గుప్పెడు తీసి పిండితే చుక్క కారకూడదు. కారితే ఇంకో పావుగంట ఆగండి.

రుబ్బడానికి గ్రైండర్ మంచిది, రోలు ఉంటే ఇంకా మంచిది. మిక్సీ అయితే రెండేసి గుప్పెళ్ళు మాత్రమే వేసి, ఆపి ఆపి తిప్పండి. జార్ వేడెక్కితే పిండి జిగురు చచ్చిపోతుంది. తిరగడం ఆగిపోతే గరిటెతో కిందామీదా కలిపి మళ్ళీ తిప్పండి. అప్పటికీ తిరగకపోతే రాత్రి ఊరిన గుమ్మడి నీళ్ళు ఒక చెంచా, మహా అయితే రెండు చెంచాలు వేయండి. కుళాయి నీళ్ళు వద్దు. ఊట నీళ్ళల్లో ఉప్పు, గుమ్మడి రుచి ఉంటాయి, పైగా ఉప్పగా ఉంటాయి కాబట్టి చెయ్యి దానంతట అదే ఆగుతుంది.

పిండి గారెల పిండి కంటే గట్టిగా ఉండాలి. గిన్నె బోర్లించినా కదలకూడదు. కానీ గట్టిగా ఉంటే చాలదు, తేలికగా కూడా ఉండాలి. ఈ రెండో మాట ఎవరూ చెప్పరు. రుబ్బిన పిండిని వెడల్పాటి పళ్ళెంలో వేసి, అరచేత్తో ఒకే వైపు పది నిమిషాలు గిలక్కొట్టండి. రంగు తెల్లబడుతుంది, పొంగుతుంది. గ్లాసు నీళ్ళలో చిన్న ఉండ వేసి చూడండి. తేలితే అయినట్టు, మునిగితే ఇంకా కొట్టాలి. కొట్టేటప్పుడు పిండిలో చేరిన ఈ గాలే ఎండాక లోపల గుల్లగా నిలిచి, నూనెలో వడియాన్ని పొంగిస్తుంది. బజారు వడియాల్లో కొన్నింటికి ఈ పని సోడా ఉప్పుతో చేయిస్తారు. అవి పొంగుతాయి గానీ నూనె పీల్చి నోట్లో జిడ్డుగా మిగులుతాయి.

గుమ్మడి ముక్కల్ని పిండిలో చిట్టచివరికి కలపాలి. మూట విప్పి గుప్పెళ్ళతో మరోసారి గట్టిగా పిండండి. పచ్చిమిరపకాయలు, జీలకర్ర కచ్చాపచ్చాగా దంచి ఇంగువతో సహా కలిపి, రుచి చూసి, ఆ తరువాతే ఉప్పు వేయండి. ముక్కల్లో ముందే ఉంది కాబట్టి చాలాసార్లు అసలు పడదు. ఎండితే ఉప్పు ఇంకా తేలుతుంది, అందుకని పచ్చిపిండి కాస్త చప్పగా అనిపించాలి. ఎండుకారం వద్దు, వడియం నల్లబడుతుంది. కలిపిన అరగంటలో పెట్టేయడం అయిపోవాలి. ఆలస్యం చేస్తే ముక్కలు మళ్ళీ నీరు వదులుతాయి, పిండి జారిపోతుంది. పొరపాటున జారినా బియ్యప్పిండి కలిపి సర్దకండి. ఆ పిండిని ఆ పూటకు గారెలుగా వేసుకుని తినండి, వడియాలకు రేపు మళ్ళీ మొదలుపెట్టండి.

పంచె తడిపి, నీళ్ళు పిండేసి, నులక మంచం మీద పరిచి, డాబా మీద ఏడు గంటలకల్లా పెట్టడం పూర్తి చేయాలి. నిమ్మకాయలో సగమంత ఉండలు చాలు. పిల్లల్ని తప్పకుండా పిలవండి. మా ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక వరుస ఇస్తాం. ఒకడు నక్షత్రాలు పెడతాడు, ఒకతె తన పేరులోని అక్షరాలు పెడుతుంది. ఎవరి వరుసకు వాళ్ళే కాకుల కాపలా. గొడుగు నీడన కూర్చుని మధ్యాహ్నానికల్లా పైన పొర కట్టి లోపల పచ్చిగా ఉన్న వడియాన్ని గిల్లి తింటారు. ఆ రుచి మరే రోజూ దొరకదు, తిననివ్వండి.

ఏప్రిల్ రెండో సగం నుంచి రోహిణి కార్తె ముందు వరకు మంచి సమయం. రోళ్ళు పగిలే ఎండలో పైపొర ముందే బిగిసి లోపల తడి ఉండిపోతుంది. సాయంత్రం మంచు పడకముందే పంచెతో సహా లోపలికి తెచ్చేయండి. రెండో రోజు సాయంత్రం పంచె తిరగేసి వెనక నీళ్ళు చిలకరిస్తే ఊడి వస్తాయి. బలవంతంగా పీకకండి, అడుగు చిట్లిపోతుంది. తిరగేసి ఇంకో మూడు ఎండలు పెట్టాలి. చేటలో వేసి ఊపితే గలగలమనాలి. ఒకటి విరిచి చూడండి, మధ్యలో వేలికి అంటుకుంటే ఇంకో రోజు.

చల్లారాకే డబ్బాలో పోయండి. వానాకాలంలో నెలకోసారి ఎండ చూపించండి. వేయించేటప్పుడు నూనె పొగలు రానివ్వకుండా, మధ్యస్థం మంట మీద, కదుపుతూ గోధుమరంగు వచ్చేదాకా ఉంచండి. పప్పుచారు గిన్నె ముందు కూర్చున్నాక వేయించినా ఆలస్యం కాదు, రెండు మూడు నిమిషాల పని.