వెతుకు పెట్టె కడదాం – 4: గుంటూరు ఎందుకు మాయమైంది?

పోయిన పాఠంలో ఊళ్ల పేర్లన్నీ వెతుకులాట సాఫ్ట్‌వేర్ అయిన ఎలాస్టిక్‌సెర్చ్‌లోకి ఎక్కించాం. ఇప్పుడు రెండు అక్షరాలు కొట్టగానే ఊరి పేరు అందించే పని.

ఉపాయం చిన్నదే. పేరును దాచేటప్పుడే మొదటి నుంచి ముక్కలు చేసి పెట్టుకోవాలి: గ, గు, గుం, గుంట, గుంటూ, గుంటూర, గుంటూరు. ఈ పని చేసే ఫిల్టర్ పేరు ఎడ్జ్ ఎన్‌గ్రామ్. కూరలు ముందే తరిగి పెట్టుకున్నట్టు. వెతికేటప్పుడు ముక్కను పోల్చి చూడటమే మిగులుతుంది. ఈ ముక్కలను దాచే పట్టిక, అంటే ఇండెక్స్, కాస్త బరువెక్కుతుంది, ఊళ్ల పేర్లకు అదేమంత లెక్క కాదు.

మీరేమీ చెప్పకపోతే ఈ ఫిల్టర్ రెండు గుర్తుల దగ్గరే ఆగిపోతుంది. గరిష్ఠ పొడవును 20కి పెంచండి. అంత ఎందుకంటారా? తాడేపల్లిగూడెం మన కంటికి ఆరక్షరాలే. యూనికోడ్‌కు గుణింతపు గుర్తు, పొల్లు, సున్నా అన్నీ వేర్వేరు, మొత్తం 14.

తరగడం ఇండెక్స్ వైపే జరగాలి. వెతికే మాటకు, రాసినదాన్ని మాటలుగా విడదీసే స్టాండర్డ్ టోకెనైజర్‌తో వేరే ఎనలైజర్ (మాటను వెతకడానికి సిద్ధం చేసే అమరిక) ఇవ్వండి. మరిచారో, గుంటూరు అని కొట్టినవారికి గుడివాడ, గద్వాల కూడా తయారు.

ఇంతవరకు ఏ లిపికైనా ఒకటే. నన్ను ఒక సాయంత్రమంతా కూర్చోబెట్టింది ఇక చెప్పబోయేది. ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు రాసే ఫొనెటిక్ కీబోర్డుతో కొడుతున్నాను. ‘గుంటూ’ వరకు గుంటూరు జాబితాలో ఉంది. ఆర్ మీట నొక్కగానే మాయం. యు నొక్కగానే మళ్లీ ప్రత్యక్షం! సర్వర్‌ను అనుమానించి లాగ్‌లన్నీ తవ్వాను. పాపం, దాని తప్పేమీ లేదు. ఆర్ నొక్కిన క్షణాన పెట్టెలో ఉన్నది ‘గుంటూర్’. ఇండెక్స్‌లో ర తరువాత కొమ్ము ఉంది, పొల్లు లేదు. ఫొనెటిక్ పద్ధతిలో హల్లు ముందు పొల్లుతో పుట్టి, ఆ తరువాతే అచ్చును కలుపుకుంటుంది మరి.

వెతికే వైపు ఎనలైజర్‌లో చెప్పిన నమూనాకు సరిపోయే గుర్తులను మార్చే ప్యాటర్న్ రీప్లేస్ ఫిల్టర్ పెట్టి, మాట చివరి పొల్లును తుడిచేయండి. మిగిలేది ‘గుంటూర’, ఆ ముక్క మన దగ్గర ఉంది. మాట మధ్యలోని పొల్లు జోలికి మాత్రం పోవద్దు, ఒత్తులన్నీ దాని మీదే నిలబడ్డాయి. పొల్లు వెనక కంటికి కనిపించని, అక్షరాలు కలవకుండా ఆపే జీరో విడ్త్ నాన్ జాయినర్ గుర్తు నక్కి ఉండవచ్చు. దాన్ని రెండు వైపులా ముందే ఏరేయండి.

ఇప్పుడు ‘నెల్లూర్’, ‘కర్నూల్’, ఒట్టి ‘క్’ కొట్టి చూడండి. మూడింటికీ ఊళ్లు రావాలి.

వేగంగా కొట్టినప్పుడు పాత జవాబు ఆలస్యంగా వచ్చి కొత్త జాబితా మీద కూర్చోవడం మీరు గమనించే ఉంటారు. దాని సంగతి అయిదో పాఠంలో.