కారు కిందికి దూరే ముందు

ఆయిల్ మార్చడం వరకే అయితే చక్రాలు ఎక్కించే వాలు దిమ్మెలు, అంటే ర్యాంపులు చాలు. చక్రం విప్పాలంటే మాత్రం అవి పనికిరావు, కారు నిలబడేది ఆ చక్రం మీదే కదా! అప్పుడు జాకీతో పాటు, ఎత్తిన కారును కింద నుంచి మోసే స్టాండ్లు కూడా ఉండాలి. ఒక్క జాకీని నమ్ముకుని కిందికి దూరకండి. ఆయిల్ ఒత్తిడితో పనిచేసే జాకీలో ఆ ఆయిల్‌ను ఆపే సీల్ పోయిందంటే కారు దిగిపోతుంది.

ర్యాంపు ఎంత బరువు మోస్తుందో అందరూ చూస్తారు, వాలు ఎవరూ చూడరు. బంపర్ కిందికి ఉన్న కారైతే టైరు ఎక్కకముందే బంపర్ గీసుకుంటుంది. వాలు పొడుగ్గా ఉన్నవి తీసుకోండి. నున్నటి గచ్చు మీద ప్లాస్టిక్ ర్యాంపు ముందుకు జారుతుంది. కింద రబ్బరు మ్యాట్ ముక్క వేస్తే పట్టు దొరుకుతుంది.

ఇంకోటి, చాలా కార్లకు హ్యాండ్‌బ్రేక్ పట్టేది వెనక చక్రాలనే. వెనక వైపు పైకెత్తితే అది ఉన్నా లేనట్టే. ముందు చక్రాలకు అటూ ఇటూ చెక్క దిమ్మెలు అడ్డం పెట్టాకే జాకీ ముట్టుకోండి.